మా తాతయ్య నడుమూ, డాక్టరుగారి మూడో ప్రశ్నా

మా తాతయ్య నడుమే గనక లేకపోతే, మన దేశంలో మెదడుకీ వెన్నుపాముకీ చేసే వైద్యం ఇంకా పలక మీద అ ఆలు దిద్దుకుంటూ ఉండేది. మనుషుల పుర్రెలు తెరిచి, లోపల సరిచేసి, మళ్ళీ మూసే పెద్ద డాక్టరుగారు ఒకాయన విశాఖపట్నం నుంచి కారు వేసుకుని వచ్చి, మా అరుగు మీద మఠం వేసుకుని కూర్చుని, ఈ నడుము ముందు చేతులు కట్టుకున్నారు. కాబట్టి ఇకమీదట లోకంలో ఎవరైనా నడుం విరిగి లేచి నడిస్తే, మొక్కు చెల్లించుకోవాల్సింది ఏ గుడిలోనూ కాదు. అంబాజీపేటకు కూతవేటు దూరంలో ఉన్న మా ఊరొచ్చి, నులక మంచం మీద కూర్చుని దువ్వెనతో వీపు గోక్కుంటున్న మా బుచ్చిరాజు తాతయ్యకి.

తాతయ్యది దింపు పని. దింపు అంటే కొబ్బరిచెట్టెక్కి గెలలు కోసి కిందికి దించడం. డెబ్బై దాటాక చెట్టెక్కడం మానేశాడు గానీ, ఎక్కేవాణ్ణి కింద నిలబడి తిట్టడం మానలేదు. ఆయనకున్న ఆస్తల్లా అనుమానం. పాలు కొనేముందు గేదెను చూస్తాడు. కాటా కంటే ముందు కాటా పట్టుకున్నవాడి చిటికెనవేలు చూస్తాడు. నేను బడికి వెళ్ళొచ్చానంటే, నా చెప్పులకు అంటిన మట్టి చూసి, ఎవరి తోటలో తిరిగొచ్చానో చెప్పేవాడు. పదో తరగతి లెక్కల పరీక్షతో నాకూ బడికీ తెగిపోవడానికి ఆయన కారణం కాదు గానీ, తెగిపోతుందని ఊళ్ళో అందరికంటే ముందు కనిపెట్టింది మాత్రం ఆయనే. అమ్మా నాన్నా కువైట్‌లో ఉంటారు. నన్ను పెంచింది ఈయనా, రాజ్యం మామ్మానూ. అంచేత ఈయన్ని ఏడిపించే హక్కు నాకు పూర్తిగా ఉంది.

పెద్ద తుఫాను రావడానికి ముందు ఏడాది, గోదావరి వైనతేయ పాయ అవతల లంకలో దింపుకు వెళ్ళి తాతయ్య చెట్టు మీంచి పడ్డాడు. నడుం విరిగింది. నెలల తరబడి మంచం మీద ఉండి, లేచి నడిచాడు. అప్పటినుంచి ఆయన చేతికి ఊళ్ళో ఒక విలువ వచ్చింది. పెళ్ళి పందిరికి మొదటి పచ్చి కొబ్బరి మట్టను మంచి చేతివాసి ఉన్నవాడితో కోయించడం మా దగ్గర ఆనవాయితీ. దాన్ని తొలిమట్ట అంటాం. అంతెత్తు నుంచి పడి లేచినవాడి చేతికన్నా మంచి చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? ఏ ఇంట పెళ్ళయినా తాతయ్యదే తొలిమట్ట. కొత్త పంచె కట్టించి, కత్తికి పసుపు రాసి, పేరంటాళ్ళు వెంట రాగా తీసుకెళ్తారు. ఆయన ఓ పొట్టి చెట్టు చూసి, నిచ్చెన రెండు మెట్లెక్కి మట్ట కోస్తాడు. ఆ రోజు ఆయన నడక చూడాలి. పెళ్ళికొడుకు కూడా అలా నడవడు.

నిరుడు వానలు వెనకబట్టాక డాక్టరుగారు వచ్చారు. పేరు విజయకుమార్. మెదడుకీ వెన్నుపాముకీ తగిలే దెబ్బల మీద పరిశోధన చేస్తున్నారు. కోనసీమలో చెట్ల మీంచి పడ్డవాళ్ళు ఆయన ఆపరేషన్ బల్ల మీదికి చాలామంది చేరుతారట. ఒకే ఎత్తు నుంచి పడ్డ ఇద్దరిలో ఒకడు నడుస్తాడు, ఒకడు జన్మలో లేవడు. అదెందుకో తెలియాలంటే ఆపరేషన్ బల్ల దగ్గర కాదు, చెట్టు మొదట్లో వెతకాలని ఆయనకు తోచింది.

తోచింది బాగానే ఉంది గానీ, వచ్చిన తీరే బాగాలేదు. చేతిలో గుడ్డసంచి. సంచిలోంచి తొంగిచూస్తూ ఒక నిలువెత్తు వెన్నెముక. మామ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"అది ఎవరిదండీ?"

"ప్లాస్టిక్‌దమ్మా."

"ఆయ్, ప్లాస్టిక్కేనండి. ఎవరిదని?"

ఆ పూటంతా సంచి మా పెరట్లో బాదం చెట్టుకి వేలాడింది. సాయంత్రానికి ఊళ్ళో రకరకాల కబుర్లు పుట్టాయి. పింఛన్ల తనిఖీకి వచ్చాడన్నారు కొందరు. దాంతో నిన్నటిదాకా చక్కగా నడిచినవాళ్ళు కూడా కుంటడం మొదలెట్టారు. శవాల ఎముకలు కొనే మనిషన్నారు కొందరు. గ్యాసు పైపు మన ఊరి మీంచి వేస్తారనీ, పేలితే తట్టుకుంటామో లేదో ముందుగా మన ఎముకలు చూస్తున్నారనీ ఇంకొందరు. తాతయ్య ఏ మాటా కొట్టెయ్యలేదు. అన్నిటినీ కొంచెం కొంచెం నమ్మాడు.

డాక్టరుగారు ప్రతి ఇంట్లోనూ మూడే ప్రశ్నలు అడిగేవారు. ఎంత ఎత్తు నుంచి పడ్డారు? కింద ఏం తగిలింది? మిమ్మల్ని ఎవరు లేపారు, ఎలా తీసుకెళ్ళారు? ఆయనకి దారి చూపించే పని నేను పెట్టుకున్నాను. ఇంట్లో కూర్చుంటే అంట్లు తోమాలి మరి. మొదటి రెండిటికీ జనం ఉత్సాహంగా, చేతులూపుకుంటూ జవాబు చెప్పేవాళ్ళు. మూడోది రాగానే నోళ్ళు పడిపోయేవి. లేపినవాళ్ళ పేర్లు అడుగుతున్నాడంటే వాళ్ళ మీద కేసు పెట్టడానికి కాకపోతే మరెందుకు?

"ఎవరూ లేపలేదండి. ఆడే లేచేడండి."

"నడుం విరిగిన మనిషి తనే లేచారా?"

"ఆయ్. లేచి, ఆటో మాట్టాడుకుని, ఎల్లిపోయేడండి."

డాక్టరుగారు రాసుకున్న దాన్నిబట్టి చూస్తే, నడుం విరిగినవాళ్ళంత చురుకైన మనుషులు మా ఊళ్ళో మరొకరు లేరు.

తాతయ్య వంతు వచ్చింది. పడి లేచినవాడని ఊరంతా ఆయన పేరే చెప్పింది కాబట్టి డాక్టరుగారు ఆశగా వచ్చి కూర్చున్నారు.

"బుచ్చిరాజుగారూ, మీరు చెట్టు మీంచి పడ్డారట కదా?"

"పడలేదండి. దిగేనండి."

"దిగారా?"

"కాస్త తొందరగా దిగేనండి."

నేను నవ్వాపుకోలేక లోపలికి పారిపోయాను. డాక్టరుగారు మాత్రం వదల్లేదు. అమలాపురం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. ఆ యంత్రం లోపల ఏం లాగేసుకుంటుందోనని తాతయ్య మొలతాడుకి కొత్త తాయెత్తు కట్టించుకుని మరీ వెళ్ళాడు. రెండోసారి వచ్చినప్పుడు డాక్టరుగారు ఆ ఫిల్మును ఎండకి పట్టి చూపించారు. ఎప్పుడో విరిగిన చోట ఎముక తెల్లగా అతుక్కుని ఉంది.

"ఇలా విరిగినవాళ్ళు నడవడం నేను చాలా అరుదుగా చూశాను. ఎముక విరిగింది గానీ లోపలి నరానికి దెబ్బ తగల్లేదు. మిమ్మల్ని లంకలోంచి ఎలా తీసుకొచ్చారు?"

"గుర్తు లేదండి."

"ఎవరు తెచ్చారు?"

"పడవండి."

"మీరు నా దగ్గర ఏదో దాస్తున్నారు."

"దాచుకోడానికి మా దగ్గరేముందండీ, ఈ నడుం తప్ప. దానికీ ఫొటో తీసేసేరు కదా."

మాట సరదాగానే ఉంది. కానీ తాతయ్య చెయ్యి మంచం నులకని పీకుతోంది. అనుమానించడం ఆయన దగ్గరే నేర్చుకున్నదాన్ని, నాకది కనిపించకుండా ఉంటుందా?

మూడోసారి డాక్టరుగారు పంచాయతీ ఆఫీసు ముందు దింపువాళ్ళందర్నీ కూర్చోబెట్టి, సంచిలోంచి వెన్నెముక తీసి చెప్పారు. ఎముకల మధ్యలో ఉన్న వెన్నుపాము కొబ్బరిచెట్టు తలలో ఉండే లేత మొవ్వు లాంటిదట. మాను ఎంత లావుగా ఉన్నా, మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. చెట్టు మీంచి పడ్డప్పుడు ఎముక విరగడం మొదటి దెబ్బ. విరిగిన ఎముక కదిలి, లోపలి మొవ్వుని కోసెయ్యడం రెండో దెబ్బ.

"మొదటి దెబ్బకి నేనేమీ చెయ్యలేను. రెండోది చాలాసార్లు పడ్డాక తగులుతుందని నా అనుమానం. మనిషిని లేపి కూర్చోబెట్టినప్పుడు, బండెక్కించినప్పుడు. అలాగే తలకి దెబ్బ తగిలి స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోస్తారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పుడు మెదడుకి గాలి చాలదు."

తాతయ్య వెనక వరసలోంచి లేచాడు. "అంటే, కూర్చోబెట్టకూడదాండీ?"

"కూర్చోబెట్టకూడదు."

"బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, జాగర్తగా పట్టుకుంటేనండీ?"

"అసలు కూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. కదపక తప్పకపోతే మెడా నడుమూ వంగకుండా, దుంగని దొర్లించినట్టు దొర్లించి, గట్టి చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, తాళ్ళతో కట్టి మొయ్యాలి. ఎవరైనా ఒకరు వచ్చి పడుకుంటే చూపిస్తాను."

ఒక్కడూ కదల్లేదు. బతికున్న మనిషిని చెక్క మీద పడుకోబెట్టి తాళ్ళు కట్టడమా? నలుగురూ మొయ్యడమా? నేను పడుకుంటానని చెయ్యెత్తాను. మామ్మ జడ పట్టుకుని ఇంటిదాకా లాక్కొచ్చింది.

ఆ రోజు నుంచి తాతయ్య తిండి సగమైంది. సాయంత్రమయ్యేసరికి గంగబాబు ఇంటికి వెళ్ళడం, తలుపేసుకోవడం మొదలెట్టాడు. గంగబాబు ఒకప్పుడు తాతయ్యతో కలిసి దింపుకు వెళ్ళినవాడు, వరసకి బావమరిది. తుఫాను తరవాత కొన్నేళ్ళకి ఆయన కూడా చెట్టు మీంచి పడ్డాడు. కాళ్ళు పోయాయి. కాలవ వైపు కిటికీ పక్కన మంచం మీద పడుకునే కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్ళు కడతాడు. ఆయన కట్టిన చీపురు అరిగిపోతుంది గానీ ముడి వదలదు.

మామ్మకి అనుమానం పెరిగిపోయింది. "ఈ వయసులో తలుపులేసుకుని మాట్టాడుకునేదేంటే? ఎల్లి ఇనిరా."

ఇలాంటి పనులకి నన్ను రెండోసారి అడగక్కర్లేదు. వెళ్ళి గంగబాబు కిటికీ కింద, ఈనెల మోపుల మధ్య కూర్చున్నాను.

"చెప్పెయ్యమంటావా?" తాతయ్య గొంతు.

"నీ ఇష్టం బావా. నన్నెవడు తొలిమట్టకి పిలుస్తున్నాడు గనక, నాకు పోయేదేముంది?"

"పాడె ఎక్కి దిగినోడినని తెలిస్తే ఇంక ఏ శుభకార్యానికైనా పిలుస్తారంట్రా?"

నాకు కాళ్ళ కింద చీమలు పాకినట్టయింది. అవి నిజంగానే చీమలు, కానీ కదల్లేదు. వాళ్ళ మాటలు ముక్కలుగా వచ్చాయి. వరసలో పెడితే సంగతి ఇదీ.

ఆ రోజు లంకలో వాన. తాతయ్య పడగానే స్పృహ పోయింది. ఒళ్ళు చల్లబడింది. ముక్కు దగ్గర వేలు పెడితే వానగాలి తప్ప ఊపిరి తెలియలేదు. ఆయనతో వెళ్ళింది ముగ్గురు. చచ్చిపోయాడనుకున్నారు. శవాన్ని వట్టిగా పడవలో వేస్తే అలకి దొర్లి ఏట్లో పడుతుందనీ, పాడె కట్టి తెస్తేనే ఎక్కించుకుంటాననీ పడవవాడన్నాడు. అక్కడే పచ్చి వెదుళ్ళు కొట్టి, కొబ్బరి మట్టలు పరిచి, తాతయ్యని వెల్లకిలా పడుకోబెట్టి, నుదుటి నుంచి పాదాల దాకా తాడు చుట్టి బిగించారు. ముడులన్నీ గంగబాబువే. నడి ఏట్లో శవం కళ్ళు తెరిచి, "తాడు కొంచెం వదులు చెయ్యండ్రా" అంది.

ఎవడూ వదులు చెయ్యలేదు. దెయ్యం పట్టిందనుకున్నారు. విప్పితే ఎవరి మీద పడుతుందోనని ఆ ముడుల జోలికే పోలేదు. ఒడ్డుకి చేరాక కూడా విప్పే ధైర్యం లేక, అదే పాడెతో జీపులో పెట్టి, అమలాపురంలో ఓ ఆసుపత్రి వసారాలో దించి, డాక్టరు చేత విప్పించారు. పాడెని కాలవలో పారేసి, పడవలో పడుకోబెట్టి తెచ్చామని ఇంట్లో చెప్పడానికి నలుగురూ ఒట్టేసుకున్నారు. వాళ్ళలో ఒకాయన చనిపోయాడు, ఒకాయన మస్కట్‌లో ఉండిపోయాడు. మిగిలింది వీళ్ళిద్దరే.

"డాక్టరు చెప్పేదాకా నాకు తెలీదురా," అన్నాడు తాతయ్య. "నువ్వు పడ్డప్పుడు మోపెడ్డు మీద నీ వెనక కూర్చుని, నీ చంకల్లో చేతులేసి నిన్ను నిలబెట్టి పట్టుకున్నది నేనే కదా. గట్టిగా పట్టుకున్నాననుకున్నాను."



"నిన్ను చచ్చేవనుకుని కట్టేం, నడిచేవు," అన్నాడు గంగబాబు. "నన్ను బతికించాలని కూర్చోబెట్టేవు, ఇలా ఉన్నాను. ఆ డాక్టరు రాకపోయినా బాగుండేది బావా. ఇన్నాళ్ళూ దేవుణ్ణి తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు నిన్ను తిట్టాలంటే రోజూ టీ తెస్తావాయె."

నేను ఇంటికొచ్చి మామ్మకి, "తొలిమట్ట గురించి మాట్టాడుకుంటున్నారు" అని చెప్పాను. అబద్ధమేమీ కాదు. మామ్మ నా మొహం చూసి నమ్మలేదు.

అప్పటికి మా వీధిలో రత్నమాలగారింట్లో పెళ్ళి పెట్టుకున్నారు. ఆవిడ కూతురు సాయిదుర్గ పెళ్ళి. తాతయ్యకి కబురొచ్చింది, కొత్త పంచె వచ్చింది. ఆ పొద్దున కత్తికి పసుపు రాసి, మామ్మా నేనూ పేరంటాళ్ళూ వెంట వెళ్ళాం. వాకిట్లో పందిరి వెదుళ్ళూ, తాళ్ళూ దించి ఉన్నాయి. పందిరి వేసే చోట మనుషుల నెత్తిన కాయలు రాలకుండా పైనున్న గెలలు ముందే దించెయ్యాలి. సాయిదుర్గ అన్న గోపీకృష్ణ చెట్టెక్కి ఆ పని మీద ఉన్నాడు.

తాతయ్య కింద నుంచి అలవాటుగా తిడుతున్నాడు. "ఒరేయ్, ఆ ఎండుమట్ట పట్టుకోకురా!"

ఆ మాట పూర్తి కాకముందే ఎండుమట్టా గోపీకృష్ణా కలిసి కిందికొచ్చారు.

జనం పరిగెత్తారు. ఒకడు చంకల్లో చేతులేశాడు. ఒకడు సోడా కొట్టాడు. ఒకడు అప్పుడే బండి స్టార్ట్ చేసి, "కూర్చోబెట్టండి, ఎల్లిపోదాం" అని అరుస్తున్నాడు. తాతయ్య పసుపు కత్తి పట్టుకుని వాళ్ళ మధ్యకి దూకాడు.

"ముట్టుకోకండ్రా! లేపేరంటే చేతులు నరికేస్తాను! ఒసేయ్ సత్యా, 108కి చెయ్యి. తరవాత ఆ డాక్టరుకి చెయ్యి."

108 బండి వస్తానంది గానీ, డాక్టరుగారి కారులాగే అదీ కాలవ అవతలే ఆగుతుంది. ఇవతలికి నడక వంతెన తప్ప దారి లేదు. డాక్టరుగారికి ఫోన్ కలిపి అందరికీ వినబడేలా పెట్టాను. ఆయన చెబుతున్నారు, మెడ కదలనివ్వొద్దు, నీళ్ళు పొయ్యొద్దు, చెక్క ఏదైనా ఉందా? తాతయ్య పశువుల పాక తలుపు ఊడదీయించాడు. కింద రెండు పందిరి వెదుళ్ళు అడ్డం పెట్టించాడు. పందిరి తాళ్ళు తెమ్మన్నాడు. పచ్చి వెదుళ్ళు, చెక్క, తాళ్ళు, నలుగురు మనుషులు. చూడ్డానికి అదేంటో చెప్పక్కర్లేదు.

రత్నమాలగారు తాళ్ళని పట్టుకుని వేలాడిపోయింది. "బాబాయ్‌గారూ! పెళ్ళింట్లో బతికున్న కొడుక్కి పాడె కడతారేంటండీ! మీకు నేనేం అన్యాయం చేసేనండీ!"

మోసేవాళ్ళు వెనక్కి తగ్గారు. ఫోన్లో డాక్టరుగారు ఏదో అంటున్నారు గానీ ఆ ఏడుపులో ఎవరికీ వినబడలేదు. తాతయ్య మామ్మ వైపు ఒకసారి చూశాడు. తరవాత చేతిలో కత్తి కింద పెట్టేశాడు.

"అమ్మా రత్నమాలా, నన్ను లంక నుంచి ఇలాగే తెచ్చేరమ్మా. చచ్చిపోయేననుకుని పాడెకే కట్టి తెచ్చేరు. ఆసుపత్రిదాకా ఇప్పలేదు. అందుకే నడుస్తున్నాను. గంగబాబుని కూర్చోబెట్టి తెచ్చింది నేను. ఆడు మంచం మీదున్నాడు. నీ కొడుకు మా ఇద్దర్లో ఎవళ్ళలా ఉండాలో చెప్పు, అలాగే తీసుకెళ్దాం."

పేరంటాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. నా కళ్ళతో చూశాను. కొత్త పంచె కట్టుకున్న మనిషి చుట్టూ ఖాళీ ఏర్పడింది. రత్నమాలగారు తాళ్ళు వదిలేసింది.

గోపీకృష్ణని దుంగలా దొర్లించి, మెడకి రెండు వైపులా తువ్వాళ్ళు చుట్టి పెట్టి, కట్టి, వంతెన దాటించారు. దారిపొడుగునా ఎదురొచ్చినవాళ్ళు దణ్ణాలు పెట్టారు, పోయాడనుకుని. వాడు కళ్ళు తెరిచి అందర్నీ తిట్టుకుంటూ వెళ్ళాడు.

ఆపరేషన్ విజయకుమార్‌గారే చేశారు. కొన్నాళ్ళకి కుడికాలి వేళ్ళు కదిలాయి. తరవాత ఎడమవి. ఇప్పుడు వాకరు పట్టుకుని వసారాలో నడుస్తున్నాడు, వాకరు లేకుండా నడుస్తాడో లేదో ఇంకా తెలియదు.

మామ్మ తాతయ్యతో మాట్లాడలేదు. పాడె ఎక్కినందుకు కాదు. ఇన్నేళ్ళు తనకి చెప్పనందుకు. "పడవలో పడుకుని వచ్చేనన్నావు. నేను నమ్మేను. పాలవాణ్ణి కూడా నమ్మనివ్వవు, నిన్ను మాత్రం నమ్మించేవు" అంది. పాడె దిగినవాడు పసుపునీళ్ళు పోసుకుని పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి రావాలట. అది బాకీ ఉండిపోయింది కదా. చలిలో తెల్లారగట్టే తాతయ్యని బాదం చెట్టు కింద నిలబెట్టి, బిందెడు పసుపునీళ్ళు దిమ్మరించి, గడగడా వణుకుతున్నవాణ్ణి పెరటి గుమ్మంలోంచి లోపలికి రానిచ్చింది. అప్పుడు గాని కాఫీ ఇవ్వలేదు.

డాక్టరుగారు నాలుగోసారి వచ్చారు. మూడో ప్రశ్నకి తాతయ్య ఈసారి మొదటి నుంచీ చివరిదాకా జవాబు చెప్పాడు. డాక్టరుగారు మధ్యలో ఒకటి రెండుసార్లు పెన్ను ఆపి, నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు. దెయ్యం దగ్గర నవ్వొచ్చి ఉంటుంది. అంతా అయ్యాక తాతయ్య అడిగాడు.

"ఆ రోజు గంగబాబుని కూర్చోబెట్టకపోతే నడిచేవోడాండీ?"

"చెప్పలేనండి," అన్నారు డాక్టరుగారు. "పడ్డప్పుడే నరం తెగి ఉండొచ్చు. మీరు పట్టుకున్నాకైనా తెగి ఉండొచ్చు. అది తెలిస్తే నేనిలా ఊళ్ళంట తిరగను."

"మరి నేను నడిచింది పాడె వల్లేనాండీ?"

"అదీ చెప్పలేను. ఒక్క మనిషిని చూసి చెప్పకూడదు."

తాతయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. కాటా పట్టుకున్నవాడి వేలుని చూసినట్టే. తరవాత నన్ను పిలిచి, బొండం కొట్టివ్వమన్నాడు. ఆయనకి బొండం ఇవ్వమనడం అదే మొదలు.

డాక్టరుగారు మా ఊరికి ఓ మంచి చెక్కా, పట్టీలూ ఇచ్చి వెళ్ళారు. పంచాయతీ ఆఫీసువాళ్ళు లోపల పెట్టనివ్వలేదు. ఏ ఇంటివాళ్ళూ చూరు కింద పెట్టనివ్వలేదు. మా ఇంటికి ఇక పట్టే మైల ఏముందని అది మా వసారాలో ఉంది. ఎండ బాగా ఉన్నరోజు మామ్మ దాని మీద వడియాలు పెడుతుంది. డాక్టరుగారు వస్తే తీసేస్తుంది. దింపువాళ్ళు మాత్రం చెట్టెక్కేముందు, ఏదో పని ఉన్నట్టు మా వీధిలోకొచ్చి, చెక్క అక్కడే ఉందో లేదో ఓ కన్నేసి పోతున్నారు. అడిగితే ఒప్పుకోరు.

వెనక్కి జరిపిన సాయిదుర్గ పెళ్ళి మాఘమాసంలో అయింది. రత్నమాలగారు ఇంటికొచ్చి తాతయ్య కాళ్ళకి దణ్ణం పెట్టింది. తొలిమట్టకి మాత్రం పక్క ఊరి నుంచి ఎవరినో పిలిపించింది. ఆ పొద్దున మేళం మా ఇంటి ముందు నుంచే వెళ్ళింది. తాతయ్య మంచం లోపలికి వేయించుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. వెళ్ళిపోయాక లేచి, టీ ఫ్లాస్కు పట్టుకుని గంగబాబు ఇంటికి పోయాడు.

ఆ తరవాతే నాకు ఇది రాయాలనిపించింది. ఊరు పిలవకపోతే పోయింది, కాగితం మీదైనా మా తాతయ్యని కొత్త పంచెతో ఊరేగిద్దామనుకున్నాను. మొదటి నాలుగు ముక్కలూ రాసి, ఆయన పక్కన కూర్చుని, గొంతు పెంచి చదివాను. మా తాతయ్య నడుమే గనక లేకపోతే, దగ్గర్నుంచి మొక్కు చెల్లించుకోవడం దాకా. మెచ్చుకుంటాడని చూశాను. దువ్వెన ఆపి, నా చేతిలో కాగితం వైపు అనుమానంగా చూశాడు.

"నా నడుంలో ఏముందే, బోడి! తాడు గట్టిది. కట్టినోడు గంగబాబు. ముందు ఆడి పేరు రాసి, అప్పుడు చదువు."